కారు లేకుండా ఇంగ్లండ్ పల్లెలో నిలువురాళ్ల దారి పట్టడం ఎలా?

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే లండన్ చూపించడానికి రెండు రోజులు చాలు. మూడో రోజు పొద్దున మా నాన్న అడిగారు, "సరేగానీ, ఇక్కడి పల్లెటూళ్లు ఎలా ఉంటాయిరా?" అని. అందరూ ఇలాంటప్పుడు పేరుమోసిన రాళ్ల వలయం స్టోన్‌హెంజ్‌కి టికెట్లు కొంటారు. నేనైతే ముందు ఏవ్‌బరీకి వెళ్లమంటాను. విల్ట్‌షైర్‌లో ఉన్న ఈ ఊరు సుమారు నాలుగున్నర వేల ఏళ్ల నాటి రాళ్ల వలయం మధ్యలోనే ఉంది. ప్రపంచంలోని రాతి వలయాల్లో ఇదే పెద్దది. చూడ్డానికి టికెట్టు లేదు, రాళ్లను చేత్తో తడమొచ్చు. ఎలా వెళ్లాలో, ఏం చూసుకోవాలో వరసగా చెబుతాను.

1. ముందు తిరుగు బస్సు చూసుకోండి

లండన్ ప్యాడింగ్టన్ నుంచి స్విండన్‌కు రైల్లో గంట. అక్కడి నుంచి డివైజెస్ వైపు వెళ్లే బస్సెక్కితే అరగంటకు అటూ ఇటూగా ఏవ్‌బరీలో దింపుతుంది. వెళ్లే బస్సు సంగతి అందరూ చూసుకుంటారు, తిరిగొచ్చేదాన్ని మరిచిపోతారు. నేనూ ఒకసారి ఆదివారం బయల్దేరి చివరి బస్సు అందుకోలేకపోయాను, టాక్సీకి పెట్టిన డబ్బులతో ఇంకో ట్రిప్పు అయిపోయేది. ఆదివారాలు, బ్యాంకు సెలవుల్లో (ఇక్కడ ప్రభుత్వ సెలవుల్ని అలా అంటారు) బస్సులు బాగా తగ్గుతాయి. పల్లెకు మామూలు రోజున వెళ్లడమే నయం.

ముగ్గురి నుంచి తొమ్మిది మంది దాకా కలిసి వెళ్తుంటే రైలు టికెట్టు కొనేటప్పుడు గ్రూప్‌సేవ్ అడగండి. రద్దీ లేని వేళల్లో చాలా రైళ్లలో మూడో వంతు తగ్గుతుంది. ఇక కాలం అంటారా, మే నుంచి సెప్టెంబరు దాకా మంచిది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది, డిసెంబరులో నాలుగింటికే దీపాలు పెట్టుకోవాలి.

2. మ్యాపులో ఆకుపచ్చ గీతలు వెతకండి

ఇది ఒక్కటి నేర్చుకుంటే ఇంగ్లండ్‌లో ఏ పల్లెకైనా ధైర్యంగా వెళ్లొచ్చు. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ మ్యాపుల్లో నాలుగు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఏవ్‌బరీ ఉన్నది 157 నంబరు మ్యాపులో. ఫోన్‌లోనూ దొరుకుతుంది గానీ పొలాల్లో సిగ్నల్ ఉండకపోవచ్చు, ముందే దించుకోండి. అందులో ఆకుపచ్చ చుక్కగీతలు కనిపిస్తాయి. అవన్నీ జనానికి నడక హక్కున్న దారులు. నేల మీద గేటు స్తంభాలకు చిన్న బాణం గుర్తులు కొట్టి ఉంటాయి. పసుపు బాణం నడిచేవాళ్లకు మాత్రమే, నీలం అయితే గుర్రాలూ సైకిళ్లూ కూడా వెళ్లొచ్చు.

విచిత్రమేమిటంటే ఈ దారులు చాలావరకు ఎవరిదో ఒకరి సొంత పొలంలోంచే పోతాయి. మా నాన్న మొదటి గేటు దగ్గర ఆగిపోయారు. "ఎవరి చేలోకో దూరిపోతున్నాం, కేకలేస్తారేమోరా" అని ఆయన భయం. వెయ్యరు. దున్నినా, పైరు వేసినా రైతు ఆ దారిని వదలాల్సిందే, చట్టం అలా ఉంది. ఏ దారి మీద జనానికి హక్కుందో సర్వే చేసి మ్యాపులకెక్కించమని కౌంటీలకు చెప్పింది 1949 నాటి చట్టం. దాని వెనక చాలా ఏళ్ల పోరాటం ఉంది. 1932 ఏప్రిల్‌లో పీక్ డిస్ట్రిక్ట్‌లోని కిండర్ స్కౌట్ కొండ మీదికి నడిచే హక్కు కోసం వందల మంది కార్మికులు కావాలనే జొరబడ్డారు, కొందరు జైలుకూ వెళ్లారు. అయితే హక్కు దారి మీదే, చేను మీద కాదు. గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచండి, మూసి ఉంటే దాటాక మళ్లీ మూయండి. దూడలున్న ఆవుల మందకు మాత్రం దూరంగా, చుట్టూ తిరిగి వెళ్లండి. మన ఊరి ఆవుల్లా అదిలిస్తే పోతాయనుకోవద్దు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెంట ఉంటే ఒక సంగతి. కొన్నిచోట్ల కంచె మీదుగా ఎక్కి దిగడానికి చెక్క మెట్లు ఉంటాయి, స్టైల్ అంటారు. చీరతో అవి దాటడం మా అమ్మకు ఒక పరీక్షే అయింది.

3. గొడుగు వద్దు, పులిహోర ముద్దు

ఇక్కడి గాలికి గొడుగు తిరగబడుతుంది, టోపీ ఉన్న రెయిన్‌కోటు తెచ్చుకోండి. నేల సుద్దమట్టి, తడిస్తే జారుతుంది కాబట్టి పట్టున్న బూట్లు కావాలి. దారి పక్కన నెటిల్ అనే మొక్క ఉంటుంది, తగిలిందంటే దూలగొండి గుర్తొస్తుంది, పిల్లలకు పొడుగు ప్యాంట్లు వేయండి. వలయం లోపలే ఒక పబ్బు ఉంది గానీ, పల్లె పబ్బుల్లో మధ్యాహ్నం వంటగది ఎప్పుడు మూసేస్తారో చెప్పలేం. పులిహోర డబ్బా ఉంటే ఆ బెంగ ఉండదు. చిన్న టార్చిలైటు కూడా పెట్టుకోండి, ఎందుకో కింద చెబుతాను.

4. ఇక నడక

ముందు వలయం చుట్టూ ఉన్న కట్ట మీద తిరగండి. దాని పక్కనున్న కందకాన్ని తవ్వింది దుప్పి కొమ్ములతో. రాళ్ల మధ్య అక్కడక్కడా చిన్న కాంక్రీటు దిమ్మెలు కనిపిస్తాయి, ఒకప్పుడు రాయి ఉండి పోయిన చోట్లవి. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో ఊరివాళ్లు మంటపెట్టి, చన్నీళ్లు పోసి, సుత్తులతో పగలగొట్టి ఇళ్లకు వాడుకున్నారు. మిగిలిన వాటిలో పడిపోయినవాటిని, పూడ్చేసినవాటిని 1930లలో తిరిగి నిలబెట్టించింది అలెగ్జాండర్ కీలర్ అనే పురావస్తు పరిశోధకుడు. ఆయన కుటుంబం మార్మలేడ్ జామ్ అమ్మి గడించిన డబ్బు ఇలా రాళ్ల కిందికి చేరింది. 1938లో ఒక రాయి కింద అస్థిపంజరం బయటపడింది, పక్కన కత్తెర, పద్నాలుగో శతాబ్దపు నాణేలు. మధ్యయుగాల మంగలి వైద్యుడై ఉంటాడనుకున్నారు.

అక్కడి నుంచి దక్షిణంగా వెస్ట్ కెనెట్ అవెన్యూ. జంటలుగా నిలబెట్టిన రాళ్ల మధ్య, గొర్రెల మధ్య నడక. కృష్ణ ఒడ్డున నారాయణపేట జిల్లా ముడుమాల నిలువురాళ్లు చూసినవాళ్లకు ఇక్కడ కాళ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి.

ఓపిక ఉంటే అవెన్యూ చివరి దాకా వెళ్లి చుట్టి రావచ్చు, మొత్తం పది కిలోమీటర్ల దాకా అవుతుంది. పెద్దవాళ్లుంటే వలయం నుంచి నేరుగా సిల్‌బరీ హిల్ పక్కగా వెళ్లండి. సిల్‌బరీ కొండ కాదు, మనుషులు సుద్ద పోసి పేర్చిన దిబ్బ. లోపల సమాధి ఉంటుందని 1776లో పైనుంచి నిలువునా తవ్వారు, ఏమీ దొరకలేదు. ఆ గొయ్యే 2000లో కుంగి పైన బొక్క పడింది. ఇప్పుడు ఎక్కనివ్వరు.

తర్వాత ఏ4 రోడ్డు దాటాలి, కార్లు చాలా వేగంగా వస్తాయి, పిల్లల చెయ్యి వదలొద్దు. అవతల గట్టు మీద వెస్ట్ కెనెట్ లాంగ్ బారో. మన దగ్గర రాకాసిగుళ్లు అనే పాతకాలపు రాతి సమాధులుంటాయే, ఆ జాతిదే, కాకపోతే వంద మీటర్ల పొడవున మట్టి కప్పేశారు. స్టోన్‌హెంజ్‌లోని పెద్ద రాళ్ల కన్నా వెయ్యేళ్లకు పైగా పాతది. లోపల అయిదు రాతిగదులు, దూరి చూడొచ్చు, కాపలా లేదు. టార్చి తెచ్చుకోమన్నది ఇక్కడికే.

5. అయినా స్టోన్‌హెంజ్ చూడాలంటే

అది ఇంకో రోజు పని. వాటర్లూ నుంచి సాలిస్‌బరీ గంటన్నర, అక్కడి నుంచి బస్సు. టికెట్టు సమయంతో సహా ముందే ఆన్‌లైన్‌లో కొనండి, చవక కూడా. మామూలు టికెట్టుతో రాళ్ల మధ్యలోకి వెళ్లనివ్వరు, తాడు బయటే. ఇక్కడే ఉండేవాళ్లయితే లెక్క వేసుకోండి. స్టోన్‌హెంజ్‌ను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ సభ్యత్వం ఉంటే దీనితో పాటు నాలుగు వందలకు పైగా చోట్లకు వెళ్లొచ్చు. విజిటర్లకు తొమ్మిది, పదహారు రోజుల పాసులుంటాయి, కానీ ఒక్క స్టోన్‌హెంజ్ కోసమే అయితే గిట్టదు.

విజిటర్ సెంటర్ నుంచి రాళ్ల దాకా రెండు కిలోమీటర్ల పైచిలుకు. షటిల్ బస్సుంది గానీ పొలాల్లోంచి నడిస్తేనే ఆ రాళ్లు దూరాన చిన్నగా మొదలై దగ్గరయ్యేకొద్దీ పెరగడం తెలుస్తుంది. టికెట్టే వద్దనుకుంటే మళ్లీ మ్యాపు తీయండి. వలయానికి కాస్త పడమరగా ఒక మట్టి బండిదారి ఉంది, దాని మీద నడిచే హక్కు అందరిదీ. అక్కడి నుంచి రాళ్లు చక్కగా కనిపిస్తాయి. మా నాన్న కంచెకు చేతులానించి అరగంట నిలబడి, "ఏవ్‌బరీయే బాగుందిరా, ఇక్కడ ముట్టుకోనివ్వట్లేదు" అన్నారు.