పాస్‌ల వల – పాఠం 4: ఒకే బరువుకు రెండు అర్థాలు

పాస్‌ల వల అంటే ఆటగాళ్లను చుక్కలుగా, వారి మధ్య పాస్‌లను గీతలుగా చూపే అల్లిక. ఈ పాఠంలో ముక్కోణాల గురించి చెప్పవలసి ఉంది. అయితే 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్‌లో అర్జెంటీనా పాస్‌లపై గత పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చూశాక దాన్ని వాయిదా వేయక తప్పలేదు. చాలామంది లెక్కల్లో బంతిని అరకొరగా అందుకున్నవారు జట్టుకు ఇరుసులుగా తేలగా, ఆటంతా ఎవరి కాళ్ల మీదుగా నడిచిందో వారు జాబితా అడుగుకు చేరారు.

కొందరి పొరపాటు చిన్నదే. ఫుట్‌బాల్ గణాంకాల సంస్థ స్టాట్స్‌బాంబ్ ఉచితంగా ఇచ్చే దత్తాంశంలో పాస్ ఫలితం గడి ఖాళీగా ఉంటే ఆ పాస్ చేరిందని అర్థం. వారు ఖాళీ గడులన్నీ చెరిపేసి, చేరని పాస్‌లతో వల అల్లారు. త్రో-ఇన్‌లు కూడా ఆ దత్తాంశంలో పాస్‌లుగానే నమోదవుతాయి. నేను వాటిని తీసేస్తాను, మీ ఇష్టం మీది.

అసలు చిక్కు బిట్వీన్‌నెస్ దగ్గర వచ్చింది. మిగతా ఆటగాళ్ల మధ్య ఉన్న అతి దగ్గరి దారుల్లో ఎన్ని ఒక ఆటగాడి మీదుగా పోతాయో చెప్పే కొలత అది. వలలను లెక్కగట్టే పైథాన్ లైబ్రరీ నెట్‌వర్క్‌ఎక్స్‌లో ఈ కొలతకు మీరు ప్రతి గీతకూ ఇచ్చే అంకెను, అంటే బరువును, ప్రోగ్రామ్ దూరంగా చదువుతుంది. రొమేరో నుంచి డి పాల్‌కు 10, డి పాల్ నుంచి మెస్సీకి 5, రొమేరో నుంచి నేరుగా మెస్సీకి 1 పాస్ వెళ్లాయనుకోండి (అంకెలు ఊహించినవే). పాస్‌ల సంఖ్యనే బరువుగా ఇస్తే డి పాల్ మీదుగా దూరం 15, నేరుగా 1 అవుతుంది. కనుక ఆ ఒంటరి పొడవాటి పాసే రాజమార్గమై డి పాల్ లెక్కలోంచి జారిపోతాడు. ఒకటిని పాస్‌ల సంఖ్యతో భాగించి దూరంగా ఇస్తే డి పాల్ మీదుగా 0.1, 0.2 కలిసి 0.3 అవుతుంది, నేరుగా 1 అవుతుంది. అప్పుడు దారి డి పాల్ మీదుగా పోతుంది.

అలాగని అన్నిచోట్లా తిరగేయకండి. పేజ్‌ర్యాంక్ (ముఖ్యమైనవారి నుంచి బంతి అందుకునేవారికి ఎక్కువ విలువనిచ్చే మరో కొలత) అదే పేరుగల బరువును బలంగా చదువుతుంది కాబట్టి అక్కడ పాస్‌ల సంఖ్యనే ఇవ్వాలి. నేనైతే ప్రతి గీతకూ ‘పాస్‌లు’, ‘దూరం’ అని రెండు విలువలు రాసిపెట్టుకుని, ‘బరువు’ అన్న పేరునే వాడను. మూడుకన్నా తక్కువ పాస్‌లున్న గీతలను బొమ్మలో గీయను గాని లెక్కలో ఉంచుతాను.

ఒక పరిమితిని మాత్రం గుర్తుంచుకోండి. ఆ ఫైనల్ 36వ నిమిషంలో మెస్సీ ఒక్క తాకుతో ఆల్వారెజ్‌కు, అతను మాక్ అలిస్టర్‌కు, అతను డి మరియాకు అందించిన బంతి గోల్ అయింది. మన వలలో ఆ కదలిక మూడు గీతలకు ఒక్కొక్క పాస్ చొప్పున కలిసి కనిపించకుండా పోతుంది, ఎందుకంటే వల పాస్‌లను లెక్కపెడుతుందే తప్ప వాటి వరుసను దాచుకోదు.

అభ్యాసం: అదే ఫైనల్‌లో ఫ్రాన్స్ 41వ నిమిషంలో జిరూ, డెంబెలే స్థానాల్లో కోలో మువాని, తురామ్‌లను దించింది, 71వ నిమిషంలో మళ్లీ ఇద్దరిని మార్చింది. మొదటి మార్పు వరకు ఒకటి, రెండు మార్పుల మధ్య ఒకటి చొప్పున రెండు వలలు అల్లండి. వ్యవధులు సమానం కావు కనుక, పాస్‌లను మొదటి సగం చివర కలిపిన ఇంజురీ టైమ్‌తో సహా ఆడిన నిమిషాలతో భాగించాకే పోల్చండి. ప్రోగ్రామ్ తెరవకముందు, నలుగురు ఆటగాళ్ల బిట్వీన్‌నెస్‌ను కాగితం మీద చేత్తో లెక్కగట్టి పంపండి.