ఈస్ట్‌లో మెట్3 ప్రమోటర్ మాట వినకపోతే: సమస్య, కారణం, పరిష్కారం

ప్రమోటర్ అంటే జన్యువు ముందుండే స్విచ్ లాంటి డీఎన్‌ఏ భాగం. మెట్3 ప్రమోటర్ వెనక పెట్టిన జన్యువుని మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం వేసి ఆపవచ్చు, తీసేసి నడపవచ్చు. మెట్3, మెట్14, మెట్16 లాంటి జన్యువులను నడిపేది మెట్4 ప్రోటీన్. దానికి నేరుగా డీఎన్‌ఏని పట్టుకునే గుణం లేదు. సీబీఎఫ్1, మెట్31, మెట్32 అనే ప్రోటీన్ల ఆసరాతోనే ప్రమోటర్ చేరుతుంది. కణంలో మెథియోనిన్, సిస్టీన్ (ఇదీ అమైనో ఆమ్లమే) నిండుగా ఉంటే ఎస్‌సీఎఫ్-మెట్30 ఎంజైము మెట్4కి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ని గుర్తుగా తగిలిస్తుంది, జన్యువులు ఆగుతాయి. అందుకే ప్రమోటర్‌ని అనుమానించే ముందు మీడియం (కణాలు పెరిగే పోషక ద్రావణం) చూడండి.

మెథియోనిన్ వేసినా జన్యువు పూర్తిగా ఆగట్లేదు

మామూలు ఎస్‌సీ (సింథటిక్ కంప్లీట్) మీడియంలో లీటరుకు 20 మిల్లీగ్రాముల మెథియోనిన్ ఉంటుంది, అంటే దాదాపు 0.13 మిల్లీమోలార్. పెరగడానికి చాలు గానీ గట్టిగా ఆపడానికి చాలదు. 2 మిల్లీమోలార్‌కి తీసుకెళ్ళండి: 100 మిల్లీమోలార్ స్టాక్ (లీటరుకు 14.9 గ్రాములు) 100 మిల్లీలీటర్ల కల్చర్‌కి 2 మిల్లీలీటర్లు. ప్రయోగం గంటల తరబడి సాగితే కణాలు దాన్ని వాడేస్తాయి, మధ్యలో మళ్ళీ వేయాలి. సిస్టీన్ కూడా కలిపేవాళ్ళు సీసా అడుగు చూడండి. తెల్లటి పలుకులు కనిపిస్తే అది గాలికి సిస్టిన్‌గా మారింది, ఇక సరిగా కరగదు. ఏ రోజుది ఆ రోజే చేసుకోండి.

జన్యువు ఆగింది, జీఎఫ్‌పీ మాత్రం మెరుస్తూనే ఉంది

ఇది తప్పు కాదు. జీఎఫ్‌పీ అంటే జన్యువు నడిచిందని చూపే పచ్చగా మెరిసే ప్రోటీన్. ముందే తయారైన పాత జీఎఫ్‌పీ చాలా నిలకడైనది, కణాలు విభజన చెందే కొద్దీ పలచబడుతుందే తప్ప మాయమవదు. అందుకే ఎంఆర్‌ఎన్‌ఏని (జన్యువు నుంచి వచ్చే నకలు) దాని మోతాదు చెప్పే క్యూపీసీఆర్ పద్ధతితో, మెథియోనిన్ వేశాక 0, 15, 30, 60 నిమిషాలకు కొలవండి.

మెథియోనిన్ తీసేస్తే కల్చర్ పెరగట్లేదు

మీ ఈస్ట్ స్ట్రెయిన్ (రకం) బీవై4741 కదా? అందులో మెట్15 జన్యువు లేదు, సల్ఫేట్ నుంచి మెథియోనిన్ చేసుకోలేదు. దానితో ఈ ప్రయోగం పెట్టడం వృథా. బీవై4742లో మెట్15 ఉంది, అది వాడండి. ఓడీ (కణాలెన్ని ఉన్నాయో చెప్పే మసక కొలత) 0.3 దగ్గర కణాలను సెంట్రిఫ్యూజ్‌లో అడుగుకు దించి, శుభ్రమైన నీటితో రెండుసార్లు కడిగి మెథియోనిన్ లేని మీడియంలోకి మార్చండి; కడగకపోతే పాత మీడియంలోని మెథియోనిన్ వెంట వస్తుంది.

హైదరాబాద్ ఎండాకాలంలో ఇంకో చిక్కు: కూలింగ్ లేని షేకర్ (ఫ్లాస్కులను ఊపే యంత్రం) గది వేడి కన్నా కిందికి దిగదు. తెరపై 30 డిగ్రీలు చూసి నమ్మకండి, ఫ్లాస్కులో థర్మామీటర్ పెట్టండి.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నా ఆగట్లేదు

మెట్4కి వెస్టర్న్ బ్లాట్ (ఒక ప్రోటీన్‌ని సైజు ప్రకారం బ్యాండ్లుగా చూపే పరీక్ష) చేయండి. కణాల నుంచి ప్రోటీన్‌ని టీసీఏ (ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం)తో తీయకపోతే యుబిక్విటిన్ దారిలోనే ఊడిపోతుంది. మెథియోనిన్ వేశాక పైకి జరిగిన బ్యాండ్లు రాకపోతే మెట్30లోనో, మెట్4లో యుబిక్విటిన్ తగిలే 163వ లైసిన్ దగ్గరో మార్పు ఉందేమో సీక్వెన్స్ చేయించండి.