పాత భారతీయ స్టాంపులను గుర్తించడం – 4వ పాఠం: అర్ధణా నీలం, ఏనుగు తల

1854 నాటి కలకత్తా లితో (రాతిపలక మీంచి తీసిన) అచ్చులకు చిల్లుల అంచు ఉండదని పోయిన పాఠంలో చూశాం. ఈసారి లండన్‌లో డి లా ర్యూ వారు ముద్రించిన విక్టోరియా రాణి అర్ధణా. దీని చిల్లుల కొలత 14, అంటే 2 సెంటీమీటర్లలో 14 చిల్లులు.

ముందు అక్షరాలు చదవండి. ‘ఈస్ట్ ఇండియా పోస్టేజ్’ అని ఉండి నీలం రంగైతే 1882కు ముందు నమూనా. ఒట్టి ‘ఇండియా పోస్టేజ్’, నీలి ఆకుపచ్చ అయితే 1882 నుంచి వచ్చింది, వాటర్‌మార్క్ (కాగితం తయారీలోనే పలచగా పడే గుర్తు) నక్షత్రం. చిక్కంతా నీలంలోనే. 1856 నుంచి వచ్చిన వాటికి వాటర్‌మార్క్ లేదు, 1865 నుంచి ఏనుగు తల. ముందువైపు చూసి తేడా చెప్పలేం.

వెనక అంటిన పాత హింజ్‌ముక్క (ఆల్బమ్‌లో స్టాంపు నిలబెట్టే జిగురుకాగితం), కవరుకాగితం ఉంటే ముందు తీసేయండి. నల్లటి పళ్లెంలో స్టాంపును బోర్లా వేసి, లైటర్‌లో పోసే పెట్రోలు మూడు నాలుగు చుక్కలు వెయ్యండి. కిటికీ తెరవాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. తడిసిన కాగితం పారదర్శకమై, పలచగా ఉన్న వాటర్‌మార్క్ భాగం నల్లగా తేలుతుంది. కొన్ని సెకన్లలోనే ఆరిపోతుంది కాబట్టి చూపు తిప్పకండి. ఏనుగు తలకిందులుగా కూడా ఉండొచ్చు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గీకి పలచబడ్డ చోటు కూడా నల్లగానే కనిపిస్తుంది, దాన్ని తొండం అనుకోవద్దు. గాఢమైన తపాలా ముద్ర ఏనుగును కప్పేస్తే ‘వాటర్‌మార్క్ లేదు’ అని తేల్చేస్తారు. ఆరనిచ్చి రెండోసారి చూడండి, ఈసారి పళ్లాన్ని వాలుగా పట్టుకుని.

నిజానికి ఈ రెండూ మామూలు స్టాంపులే, సాధనకు అందుకే మంచివి. విలువ తపాలా ముద్రలో ఉంటుంది. అష్టకోణంలో ‘బి 172’ ఉంటే అది సింగపూరుది. 1867 సెప్టెంబరు 1న స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్‌కు (సింగపూరు, పినాంగ్, మలక్కాల బ్రిటిష్ వలసకు) సొంత స్టాంపులు వచ్చేదాకా అక్కడ మన స్టాంపులే నడిచాయి. అదే ముద్ర 1882 నాటి ఆకుపచ్చ అర్ధణా మీద కనిపిస్తే కొనకండి, కాలం కుదరదు.

అభ్యాసం: పది నీలం అర్ధణాలు తీసుకుని ఏనుగువి, లేనివి వేరు చేయండి. తేలనివి పక్కన పెట్టండి. 1865, 1873 అచ్చుల్లో రాణి ముఖరేఖల తేడా వచ్చే పాఠంలో.