పాత వీలునామా చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఇచ్చే హక్కు ఉందా? ఇచ్చింది ఎంత?

ముందుగా, దస్తావేజులోని తెలుగు తేదీ ఏ ఇంగ్లీషు సంవత్సరమో తేల్చమని కిందటి పాఠంలో ఇచ్చిన లెక్కకు జవాబు. "శాలివాహన శకం 1802, విక్రమ నామ సంవత్సర మాఘమాసం" అంటే 1881. శకానికి 78 కలిపితే 1880 వస్తుంది. అయితే ఉగాదితో మొదలైన తెలుగు ఏడు మాఘానికి వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది. పక్కనే ఫసలీ (భూమిశిస్తు లెక్కల సంవత్సరం) 1290 అని ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. అది 1880 జూలై 1 నుంచి 1881 జూన్ 30 దాకా నడిచింది.

ఈ పాఠం మద్రాసు ప్రెసిడెన్సీ పల్లెల్లో, అంటే గోదావరి, కృష్ణా, నెల్లూరు, కడప జిల్లాల్లాంటి చోట్ల, హిందూ రైతు కుటుంబాలు రాసుకున్న వీలునామాల గురించి. నిజాం ఏలుబడిలోని ఊళ్ల పద్ధతి వేరు, దాన్ని ఇందులో కలపడం లేదు.

వీలునామా చేతికి రాగానే అందరూ ఎవరికేం వచ్చిందో వెతుకుతారు. మీరు మాత్రం ముందు ఆస్తి వివరం దగ్గర ఆగండి. ఒక కాగితం తీసుకుని నిలువుగా గీత గీసి, ఒక పక్క పిత్రార్జితం, రెండో పక్క స్వార్జితం అని రాసుకోండి. దస్తావేజులో ఉన్న ప్రతి చెక్కనూ, ఇంటినీ, దొడ్డినీ ఏదో ఒక పక్కన చేర్చండి. "మా పెద్దల నాటి నుంచి", "మా తండ్రిగారి వల్ల సంక్రమించిన" అంటే మొదటి పక్క. "నేను స్వయంగా క్రయం పుచ్చుకున్న" అంటే రెండో పక్క, కానీ పెన్సిలుతో రాయండి. ఉమ్మడి ఆదాయం బాగానే ఉన్న కుటుంబంలో పెద్ద తన పేరున కొన్న భూమిని కూడా ఉమ్మడిదే అనుకునే వీలుంది. డబ్బు ఎక్కడిదో తెలిసేదాకా ఆ పెన్సిలు రాత చెరపకండి, దిద్దకండి.

ఈ విభజన ఎందుకంటే, ఇక్కడి హిందూ కుటుంబాలు పాటించిన మితాక్షర అనే ధర్మశాస్త్రం ప్రకారం కొడుకుకు పుట్టుకతోనే పిత్రార్జితంలో వాటా ఉంటుంది. ఉమ్మడిలో ఒకరు పోతే ఆయన వాటా ఆ క్షణమే మిగిలిన భాగస్వాములకు చేరుతుంది. వీలునామా అమల్లోకి వచ్చేదీ ఆ క్షణమే. రెండింటిలో ఉమ్మడి హక్కుదే పైచేయి అని 1874లో మద్రాసు హైకోర్టు తేల్చింది. కాబట్టి విడిపోని అన్నదమ్ముడు తన వాటాను వీలునామాతో ఎవరికీ ఇవ్వలేడు. రాశాడంటే ఆ మాట కాగితానికే పరిమితం. ఈ స్థితి 1956 హిందూ వారసత్వ చట్టం దాకా సాగింది.

ఇక్కడ ఎక్కువమంది తడబడే చోటు ఒకటుంది. "అన్నదమ్ములతో విభక్తుడనై" అని కనబడగానే ఆయనకు పూర్తి స్వేచ్ఛ ఉందనుకుంటారు. అన్నదమ్ముల నుంచి విడిపోయినా, తన పాలికి వచ్చిన పిత్రార్జితంలో తన కొడుకుకు హక్కు ఉంటుంది. కొడుకులూ మనుమలూ లేని విభక్తుడైతేనే ఆ భూమిని ఇష్టం వచ్చినట్టు రాయగలడు. అప్పుడు కూడా, ఆయన పోయేనాటికి భార్య గర్భవతి అయి తర్వాత మగపిల్లవాడు పుడితే, పిత్రార్జితం మట్టుకు వీలునామా నిలవదు.

రెండో పని, ఎంత హక్కుతో ఇచ్చాడో చూడటం. సాధన కోసం మేము కూర్చిన నమూనా వాక్యం ఇది:

"నా అనంతరమున పై మాగాణి య 3-20 సెంట్లును నా భార్య తన జీవితకాలము ఫలసాయము అనుభవించుకొని, ఆమె తదనంతరము నా కుమార్తె దాన విక్రయాది సర్వ స్వాతంత్ర్యములతో పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించవలెను."

"య" అంటే ఎకరాలు. "ఫలసాయము", "జీవితకాలము" కింద గీత గీయండి. భార్యకు పంట మీదే హక్కు, అమ్మే హక్కు లేదు. కుమార్తెకు "దాన విక్రయాది", "పుత్రపౌత్ర పారంపర్యముగా" రెండూ పడ్డాయి కాబట్టి పూర్తి హక్కు. భార్య ఆ తర్వాత ఈ పొలాన్ని ఎవరికైనా అమ్మిన దస్తావేజు దొరికితే, కొన్నవాడికి దక్కింది ఆమె బతికున్నంత కాలపు హక్కే.

మరి ఈ మాటలేవీ లేకుండా "నా భార్యకు ఇచ్చినాను" అని ఊరుకుంటే? ఆడవాళ్లకు సాధారణంగా సంపూర్ణ హక్కు రాదన్న సంగతి హిందువుకు తెలిసే రాశాడని అనుకోవచ్చని 1874లోనే ప్రీవీ కౌన్సిల్ (లండన్‌లోని అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు) అంది. అందుకే ఆ కాలపు వీలునామాలో భార్య, కోడలు, కుమార్తె పేర్ల పక్కన ఏ విశేషణం ఉందో, ఏది లేదో అక్షరం అక్షరం చూడాలి. నకలు రాసేటప్పుడు "సర్వ స్వాతంత్ర్యములతో" అన్న ఒక్క ముక్క వదిలేస్తే ఒక తరం చరిత్ర తారుమారవుతుంది.

"పుట్టబోవు మనుమలకు" అని ఉంటే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. రాసినాయన చనిపోయేనాటికి కనీసం తల్లి కడుపులోనైనా లేని వ్యక్తికి ఇచ్చిన ఆస్తి చెల్లదని 1872లో టాగోర్ కేసు తీర్పు చెప్పింది. మద్రాసులో ఇది 1914 చట్టంతో సడలింది.

సాక్షుల సంతకాలు లేవని వీలునామాను పక్కన పడేయకండి. 1870 హిందూ వీలునామాల చట్టం మద్రాసు నగరానికి వర్తించింది కానీ మన పల్లెలకు కాదు. 1927 జనవరి 1 దాకా ఊళ్లో నోటిమాటగా చెప్పిన వీలునామా కూడా రుజువైతే చెల్లేది. క్రైస్తవ కుటుంబమైతే మాత్రం 1865 వారసత్వ చట్టం చూడాలి. ఇద్దరు సాక్షులు తప్పనిసరి, సాక్షి సంతకం చేసినవాడికే ఆస్తి రాస్తే ఆ భాగం పోతుంది. ముస్లిం కుటుంబాల్లో అప్పులు తీర్చగా మిగిలిన దానిలో మూడో వంతు వరకే, అదీ వారసులు కానివారికి.

అభ్యాసం: మీ దగ్గరున్న వీలునామా, లేకపోతే పై నమూనా, తీసుకుని రెండు పక్కల పట్టిక వేయండి. ప్రతి పేరు ఎదుట హక్కును తెలిపే మాటలను ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి, మీ భాషలోకి మార్చకండి.

అసలు కాగితమే లేనివారు వచ్చే పాఠంలోపు ఒక పని చేయొచ్చు. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీసి, అందులో వీలునామా లేదు కాబట్టి అసలు రాయలేదనుకోవద్దు. ఆ సర్టిఫికెట్ రిజిస్ట్రేషన్ ఆఫీసులోని 1వ పుస్తకం నుంచి వస్తుంది. రిజిస్టరైన వీలునామాలు 3వ పుస్తకంలో ఉంటాయి, దత్తత అనుమతి పత్రాలూ అందులోనే. ఊరి పేరు, రాసినాయన పేరు, సుమారు సంవత్సరం ఇచ్చి, ఆ ఊరు అప్పట్లో ఏ సబ్ రిజిస్ట్రార్ కింద ఉండేదో అక్కడ 3వ పుస్తకం సూచికలో వెతకమని అడగండి. రాసినాయన కాలం చేశాడు కాబట్టి నకలు ఎవరైనా అడగవచ్చు. సీలు వేసిన కవరులో దాచుకున్న వీలునామాల జాడ మాత్రం అక్కడ దొరకదు, వాటి నమోదు జిల్లా రిజిస్ట్రార్ దగ్గరి 5వ పుస్తకంలో ఉంటుంది.

4వ పాఠంలో: నాలుగు ఎల్లలు, పుట్టి–తూము కొలతలు, పాత చెక్కను నేటి సర్వే నంబరుతో కలపడం.