ఇంప్లాంట్ పన్ను కట్టించుకునే ముందు ఏం అడగాలి, తర్వాత ఎలా చూసుకోవాలి

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నేను కింది దవడకు ఇంప్లాంట్ (ఎముకలోకి స్క్రూ దింపి దాని మీద కట్టే పన్ను) వేయించుకున్నప్పటి నుంచి వీధిలో ఎవరికి పన్ను కదిలినా నా దగ్గరికే వస్తున్నారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు రేటు కాదు, ఎముక ఎంత ఉందో అడగండి. పన్ను పీకించాక ఆ చోట దవడ ఎముక తరిగిపోతూ ఉంటుంది, మొదటి ఏడాదిలోనే ఎక్కువగా. సీబీసీటీ స్కాన్ (దవడను అన్ని వైపుల నుంచీ చూపించే 3డీ ఎక్స్‌రే) తీస్తే ఎముక ఎత్తు, మందం, కింది దవడలో నరం ఎంత దూరంలో ఉందీ మిల్లీమీటర్లతో సహా తెలుస్తాయి. ఎముక చాలకపోతే గ్రాఫ్ట్ (ఆ చోట నింపే అదనపు ఎముక పదార్థం) పెట్టాలి, దానికి డబ్బూ నెలలూ అదనం. ఏ స్కానూ లేకుండా "ఈరోజే వేసేద్దాం" అంటే కుర్చీలోంచి లేచి వచ్చేయండి.

షుగర్ ఉన్నవాళ్లు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) రిపోర్టు పట్టుకెళ్లండి. 8 దాటితే చాలామంది డాక్టర్లు ముందు తగ్గించుకుని రమ్మంటారు. ఎముకలు గుల్లబారాయని మాత్రలు, ఇంజెక్షన్లు వాడుతుంటే దాచొద్దు. రక్తం పల్చబడే మాత్రలు సొంతంగా ఆపొద్దు. సిగరెట్, బీడీ తాగేవాళ్లకు ఇంప్లాంట్ ఫెయిలయ్యే అవకాశం దాదాపు రెట్టింపు. వక్కాకుతో పొగాకు నమిలే అలవాటున్నా చెప్పేయండి, డాక్టరు దగ్గర సిగ్గేంటి?

వేసేటప్పుడు మత్తు ఇస్తారు కాబట్టి నొప్పి తెలియదు, దవడ అదురుతున్నట్టు మాత్రం ఉంటుంది. అసలు పరీక్ష తర్వాతే. టైటానియం స్క్రూకి ఎముక అతుక్కుంటుందని స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు 1950ల్లో కుందేళ్ల మీద ప్రయోగాల్లో గమనించాడు, 1965లో మొదటిసారి మనిషికి వేశాడు. ఆ అతుక్కోవడానికి మామూలుగా కింది దవడలో మూడు నెలలు, పై దవడలో నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మనవాళ్లకు ఓపిక చాలనిది ఇక్కడే.

మొదటి రోజు గట్టిగా పుక్కిలించొద్దు, స్ట్రాతో తాగొద్దు. చల్లారిన రాగి జావ మేలు. సంగటి పర్లేదు కానీ పక్కన ఊరిబిండి వద్దు, చెనక్కాయ పలుకు వెళ్లి కుట్ల దగ్గర ఇరుక్కుంటుంది. కుట్లు విప్పేదాకా రెండోవైపే నమలండి.

ఇంప్లాంట్ డబ్బా మీది స్టిక్కర్ అడిగి తీసుకుని ఫైల్లో అంటించుకోండి. కంపెనీ, సైజు, లాట్ నంబర్ దాని మీద ఉంటాయి. రేపు ఇంకో ఊళ్లో స్క్రూ బిగించాల్సి వస్తే ఏ కంపెనీదో తెలియక అక్కడి డాక్టరు తల పట్టుకోకూడదు కదా.

పదేళ్ల తర్వాత కూడా నూటికి తొంభైకి పైగా ఇంప్లాంట్లు నిలిచే ఉంటున్నాయని అధ్యయనాలు చెబుతున్నాయి. నిలిచి ఉన్నంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. దానికి పుచ్చు పట్టదు గానీ, చుట్టూ చిగురు వాచి లోపల ఎముక కరిగిపోవచ్చు, అదీ నొప్పి లేకుండానే. బ్రష్ చేసేటప్పుడు అక్కడ రక్తం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. పళ్ల సందుల్లో తోమే సన్న బ్రష్ రోజూ రాత్రి వాడండి, ఆరు నెలలకోసారి చూపించుకోండి.

పైన క్యాప్ కదిలితే కంగారు పడకండి, చాలాసార్లు లోపలి చిన్న స్క్రూ వదులై ఉంటుంది, బిగిస్తే సరిపోతుంది. అలాగని దాంతోనే నములుతూ కూర్చోవద్దు, స్క్రూ విరిగితే తీయడం కష్టం.