వానలు పడకముందే చెవులు చూపించుకోండి

మృగశిర కార్తె వచ్చిందంటే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి జలుబు. దాని వెనకే పిల్లలకు చెవిపోటు. పోయినేడు కూడా ఇలాగే అయిందనుకుంటే, ఈసారి వానలకు ముందే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. పిల్లల్లో చాలాసార్లు నొప్పి చెవిలో ఉంటుంది, మూలం ముక్కులో ఉంటుంది.

ముక్కు వెనక నుంచి చెవి లోపలికి ఒక సన్నని గొట్టం ఉంది. చిన్నపిల్లల్లో అది పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే వాచి మూసుకుపోతుంది. కర్ణభేరి వెనక నీరు చేరి చీము పడుతుంది. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే కండ పెరిగినా ఇదే కథ. అందుకే పసిబిడ్డకు వెల్లకిలా పడుకోబెట్టి పాలసీసా ఇవ్వకండి, తల ఎత్తిపెట్టి పట్టండి. ఇంట్లో బీడీ, సిగరెట్ పొగ వద్దే వద్దు. 6 వారాలు, 14 వారాలు, 9 నెలలప్పుడు ప్రభుత్వం ఉచితంగా వేసే న్యుమోకోకల్ టీకా తప్పించకండి.

ఆరు నెలల్లో 3 సార్లు, లేదా ఏడాదిలో 4 సార్లు వస్తే అది మామూలు చెవిపోటు కాదు. కర్ణభేరిలో గ్రామెట్ అనే బుల్లి గొట్టం పెట్టాలా, అడినాయిడ్స్ తీయాలా అన్నది డాక్టరు చూసి చెప్తారు. ఆపరేషన్ అనగానే టెన్షన్ పడకండి.

నూనె గురించి గట్టిగా చెప్పాలి. వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోయడం మా ఇంట్లోనూ ఉండేది, ప్రేమతోనే పోసేవారు. కానీ కర్ణభేరికి చిల్లు ఉందో లేదో బయటికి కనబడదు. చిల్లుంటే ఆ నూనె నేరుగా లోపలికి పోతుంది. పాత చుక్కల మందూ అంతే, కొన్ని వినికిడినే దెబ్బతీస్తాయి. చెవి కారుతుంటే ఏదీ పోయకండి. స్నానానికి ముందు వాజలైన్ రాసిన దూది పెట్టి, అవగానే తీసేయండి.

పెద్దవాళ్ల సమస్య ఎక్కువగా పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్‌బడ్‌తో మొదలవుతుంది. గీసుకున్న చోట వానాకాలపు తేమకు ఫంగస్ పడుతుంది. అప్పుడు యాంటీబయాటిక్ చుక్కలు వేస్తే అది ఇంకా పెరగొచ్చు. షుగర్ ఉన్నవారికి రాత్రి నిద్రపట్టనంత చెవినొప్పి ఉంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు, ఇన్ఫెక్షన్ ఎముకకు పాకొచ్చు.

చెవి వెనక వాపు, మూతి వంకర పోవడం, కళ్లు తిరగడం, జ్వరంతో వాంతులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నొప్పి లేకపోయినా పిల్లాడు టీవీ సౌండ్ పెంచమంటుంటే, పిలిస్తే పలకకపోతే తిట్టకండి. లోపల నీరు నిలిచి ఉండొచ్చు, వినికిడి పరీక్ష చేయించండి.