బిగ్ సర్ మారథాన్: సముద్రం పక్కన, కొండల మీద 26 మైళ్ళు పరుగెత్తే తీరు

కాలిఫోర్నియా తీరాన, ఒకటో నంబరు హైవే మీద ఏటా ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం జరిగే బిగ్ సర్ మారథాన్‌లో పరుగెత్తదలచినవారు పేరు నమోదు చేసుకోవడానికి ముందే ఒక సంగతి తేల్చుకోవాలి: ఇంతవరకు సాధించిన సమయాన్ని తగ్గించుకోవడమే లక్ష్యమైతే ఇది అందుకు తగిన దారి కాదు. 1986లో ప్రారంభమైన ఈ పరుగు బిగ్ సర్ దగ్గరి రెడ్‌వుడ్ చెట్ల మధ్య మొదలై, పసిఫిక్ సముద్రాన్ని ఎడమ పక్కన ఉంచుకుని, ఉత్తరాన ఉన్న కార్మెల్ దాకా సాగుతుంది. దారి పొడవునా ఎక్కే ఎత్తులన్నీ కలిపితే 2,000 అడుగులు దాటుతాయి, దిగే పల్లాలు అంతకంటే ఎక్కువే. చదునైన ఊళ్ళో నాలుగు గంటల్లో మారథాన్ పూర్తి చేసేవారు ఇక్కడ మరో పది, పదిహేను నిమిషాలు పడుతుందని ముందే ఒప్పుకుంటే, మిగిలిన నిర్ణయాలన్నీ సులువవుతాయి.

సాధనకు కనీసం 16 వారాలు కావాలి. వారానికి ఒకరోజు ఎత్తు ఎక్కడం తప్పనిసరి అన్నది అందరూ చెప్పే మాటే; మూడు నాలుగు నిమిషాలు పట్టే ఎత్తును ఎంచుకుని, ఐదారుసార్లు ఎక్కితే సరిపోతుంది. అయితే ఈ మారథాన్‌లో మనుషులను కుంగదీసేది ఎక్కడం కంటే దిగడమే. పల్లంలో పరుగెత్తేటప్పుడు తొడ ముందు భాగంలోని కండరాలు సాగుతూనే శరీర బరువును ఆపవలసి వస్తుంది. ఆ పనికి అలవాటు పడని కండరాల్లో సూక్ష్మమైన గాయాలై, రెండు మూడు రోజుల పాటు నొప్పి నిలుస్తుంది. ఒకసారి ఆ దెబ్బ తిని కోలుకున్న కండరం రెండోసారికి అంతగా దెబ్బతినదు. అందువల్ల సుదీర్ఘమైన పరుగుల చివరి భాగంలో, అంటే కాళ్ళు అప్పటికే అలిసి ఉన్నప్పుడు, చిన్న చిన్న అడుగులతో పల్లం దిగడాన్ని నెలకు రెండు మూడుసార్లు అభ్యసించాలి. పరుగుకు మూడు వారాల ముందు దాన్ని ఆపివేయాలి.

విశాఖపట్నంలో ఉన్నవారికి ఇందుకు దూరం వెళ్ళనక్కరలేదు. రామకృష్ణా బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి వైపు వెళ్ళే రోడ్డు, కైలాసగిరి ఘాట్ రోడ్డు కలిస్తే సముద్రమూ కొండా రెండూ దొరుకుతాయి. హైదరాబాదు వారికి సముద్రం లేకపోయినా, జూబ్లీహిల్స్ ఎగుడుదిగుళ్ళూ ఫ్లైఓవర్లూ ఉన్నాయి. ఇక శాన్ హోసే, ఫ్రీమాంట్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారికి బిగ్ సర్ దాదాపు పొరుగూరే. వారు ఏదో ఒక శనివారం కారులో వెళ్ళి ఈ దారిని ముందుగా చూసుకోవడం మంచిది, ఎందుకంటే పరుగు నాటి తెల్లవారుజామున బస్సులో వెళ్ళేటప్పుడు చీకట్లో ఏమీ కనిపించదు.

ప్రారంభ స్థలానికి సొంత కారులో వెళ్ళే వీలు లేదు. నిర్వాహకుల బస్సులు చీకటితోనే బయలుదేరుతాయి, పరుగు సుమారు పావు తక్కువ ఏడుకు మొదలవుతుంది. మధ్యలో చలిలో నిరీక్షణ ఉంటుంది కాబట్టి, పోయినా బాధ లేని పాత స్వెటరు ఒకటి వేసుకుని వెళ్ళాలి. తినవలసింది పరుగుకు రెండు మూడు గంటల ముందే తినాలి, అంటే బస్సులోనే. సాధన రోజుల్లో కడుపుకు పడిన తిండినే ఆ రోజూ తినాలన్నది మార్చరాని నియమం. ఇడ్లీలు అలవాటైనవారు డబ్బాలో ఇడ్లీలే తెచ్చుకోవచ్చు. కారప్పొడి మాత్రం తిరిగి వచ్చాక చూసుకోవచ్చు. దారిలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం జెల్ (చిన్న పొట్లాల్లో దొరికే తీపి గుజ్జు) రూపంలోనో ఖర్జూరాల రూపంలోనో తీసుకోవాలి. చల్లగా ఉంది కదా అని నీళ్ళు మానరాదు, గాలి చెమటను ఆరబెట్టేయడం వల్ల ఎంత నీరు పోయిందో తెలియదు.

మొదటి ఐదు మైళ్ళు చెట్ల నీడలో, ఎక్కువగా పల్లంలో సాగుతాయి. ఈ దారిలో జరిగే పొరపాట్లలో అధిక భాగం ఇక్కడే జరుగుతాయి. కాళ్ళు తాజాగా ఉంటాయి, చలికి ఒళ్ళు వేడెక్కాలని తొందరపడుతుంది, చేతి గడియారం ఊహించనంత మంచి అంకెలు చూపిస్తుంది. ఆ అంకెలను నమ్మకూడదు. పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత ఊపిరి మిగిలి ఉందా లేదా అన్నదే కొలతగా పెట్టుకోవాలి. ఆ ఒక్క కొలతే ముగింపు దాకా పనికొస్తుంది, ఎందుకంటే ఎత్తులోనూ ఎదురుగాలిలోనూ గడియారం చెప్పే వేగానికి అర్థం ఉండదు.

చెట్లు అయిపోగానే పచ్చిక బయళ్ళు తెరుచుకుంటాయి, ఎడమ వైపు రాతిగుట్ట మీద 1889 నాటి పాయింట్ సర్ దీపస్తంభం కనిపిస్తుంది, దాంతోపాటే గాలి మొదలవుతుంది. వసంతంలో ఈ తీరాన గాలి వాయవ్యం నుంచి వీస్తుంది. పరుగు ఉత్తరానికి కాబట్టి అది సూటిగా ముఖానికే తగులుతుంది. టోపీ పట్టుకోకపోతే ఎగిరిపోతుంది, ఛాతీ మీద పిన్నులతో గుచ్చిన నంబరు కాగితం పటపట కొట్టుకుంటుంది. ఒంటరిగా ఎదురొడ్డడం కంటే ఐదారుగురి గుంపు వెనుక చేరి, వంతులవారీగా ముందుకు రావడం మేలు. ఎప్పుడూ వెనుకే దాక్కోవడం మర్యాద కాదు.

పదో మైలు దగ్గర లోయలోకి దిగగానే జపాన్ టైకో డప్పుల మోత వినిపిస్తుంది. దూరం నుంచి చెవికి, దగ్గరికి వచ్చేసరికి పక్కటెముకలకు తెలుస్తుంది. అక్కడి నుంచే హరికేన్ పాయింట్ ఎత్తు మొదలవుతుంది: రెండు మైళ్ళు కాస్త అటూ ఇటూగా, 500 అడుగులకు పైన. తల మరీ వంచకుండా, నడుము నుంచి కాక చీలమండల నుంచి కొద్దిగా ముందుకు వాలి, అడుగులు కుదించి ఎక్కాలి. ఊపిరి తప్పితే ఒక నిమిషం నడవడంలో నామోషీ లేదు. పైకి చేరాక దిగుడు, దాని చివర బిక్స్‌బీ వంతెన. 1932లో కట్టిన ఆ కాంక్రీటు కమాను మీదే సగం దూరం పూర్తవుతుంది, అక్కడ ఒకరు గ్రాండ్ పియానో వాయిస్తూ కూర్చుంటారు. ఫొటో తీసుకోదలచినవారు రోడ్డు అంచుకు వచ్చి ఆగాలి, వెనుక వచ్చేవారికి అడ్డంగా కాదు.

చాలామంది హరికేన్ పాయింట్ దాటడంతో గండం గడిచిందనుకుంటారు. నా దృష్టిలో అసలు పరీక్ష ఆ తరువాతే ఉంది. వంతెన నుంచి కార్మెల్ దాకా ఒక్కటీ పేరున్న కొండ కాదు, అయినా ఎత్తు, పల్లం, మళ్ళీ ఎత్తు, ఒకే లయ కుదరనివ్వకుండా వస్తూనే ఉంటాయి. వీటికి తోడు మలుపుల్లో రోడ్డు ఒక పక్కకు వాలి ఉంటుంది. గంటల తరబడి ఒక కాలు ఎగువన, ఒక కాలు దిగువన పడితే తుంటి, మోకాలి బయటి పక్క లాగడం మొదలవుతుంది. అనుమతి ఉన్నంత మేరకు రోడ్డు మధ్యనే పరుగెత్తాలి. రోడ్డు మూసి ఉంటుంది కాబట్టి దారి పక్కన ఉత్సాహపరిచే జనం కూడా పలచనే. 23వ మైలు ప్రాంతంలో స్థానికులు అందించే స్ట్రాబెర్రీలను మాత్రం వదలరాదు. జెల్‌ల తీపితో మొహం మొత్తిన నోటికి ఆ పులుపు ప్రాణం లేచొచ్చేలా చేస్తుంది. 25వ మైలు దగ్గర ఇంకొక చిన్న ఎత్తు ఉంటుంది. దాని కోసం కాస్త బలం దాచుకోవాలి.

మొత్తం దూరానికి ఆరు గంటల గడువు ఉంది. అంటే మైలుకు సగటున 13 నిమిషాల 45 సెకన్లకు మించకూడదు. నడక కలుపుకునేవారు దీన్ని మైలురాళ్ళ దగ్గర సరిచూసుకుంటూ ఉండాలి. కొండచరియలు విరిగిపడితే దారే మారవచ్చు, 2011లో అలాగే జరిగింది; కనుక చివరి నెలలో నిర్వాహకుల ప్రకటనలు చూస్తూ ఉండాలి.

పరుగు ముగించాక మట్టితో చేసిన పతకం మెడలో వేస్తారు, అది పింగాణీలా పగిలే వస్తువు కాబట్టి సంచిలో వేసేముందు ఏదైనా బట్టలో చుట్టడం మంచిది. వెంటనే కూర్చోకుండా పది నిమిషాలు నడిచి, పొడి బట్టలు మార్చుకోవాలి. మర్నాడు మేడ మెట్లు దిగడానికి తొడలు ఒప్పుకోకపోతే, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగి దిగితే బరువు తొడల మీద తక్కువ పడుతుంది.